నెమ్మదిగా కూర్చుని, నెమ్మదిగా లేచి

జూన్ 4, మంగళవారం

ఈవేళ కొట్లో పరువు పోయింది.

పాటలు పాడే అమ్మాయి పొడుగు గౌను ట్రయల్‌కి వచ్చింది. అంచు మడవడానికి ఎప్పట్లాగే ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. పెదాల మధ్య గుండుసూదులు. చుట్టూ జరుగుతూ అన్నీ గుచ్చడం అయిపోయింది. తీరా లేవబోతే కుడి మోకాలు బిగుసుకుపోయింది. గౌను పట్టుకుని లేద్దామంటే గుడ్డ చిరుగుతుంది. బల్ల అందదు. నోటి నిండా సూదులు, ‘ఆగమ్మా’ అనడానికి కూడా లేదు. పాపం ఆ పిల్లే వంగి, నా చంకల కింద చేతులు వేసి, బస్తా లేపినట్టు లేపింది.

“నాకలవాటేనండీ. మా బామ్మని రోజూ ఇలాగే లేపుతాను.”

బామ్మట. నాకు యాభై ఏడు.

చప్పుడు విని మరదలు మేడ మీంచి దిగి వచ్చింది. “వదినా, ఈసారి డాక్టరు దగ్గరికి నువ్వు రాకపోతే తీసుకెళ్లేది నేను కాదు, మీ తమ్ముడు. ఆయన నడిపే స్కూటరెక్కుతావా మరి?” అంది. దాంతో ఒప్పుకున్నాను.

జూన్ 7, శుక్రవారం

ఎక్స్‌రే తీశారు. మోకాల్లో రెండు ఎముకల మధ్య మెత్తగా ఉండే పొర అరిగిపోయిందట. మా పనిలో చెప్పుకోవాలంటే లైనింగు పోయింది, పైగుడ్డకి పైగుడ్డ రాసుకుంటోంది.

“కొత్త లైనింగు వేయరా?” అన్నాను.

“ఆ కుట్టు మాకింకా రాలేదమ్మా” అన్నాడు డాక్టరు. మనిషి బాగానే నవ్వుతాడు. “ఆపరేషన్ సంగతి ఇప్పుడే వద్దు. తొడ కండ పెంచండి, కాస్త బరువు దించండి, నడవండి.”

“నడవలేకే కదండీ మీ దగ్గరికొచ్చాను.”

“నడవకపోతే రేపు నా దగ్గరికి కూడా రాలేరు.”

మరదలు ఊరుకుంటుందా? మా వీధి చివర కీళ్లు సవరించే కైరోప్రాక్టర్ ఒకావిడ ఉందట, వెళ్లచ్చా అని అడిగేసింది. వెళ్లచ్చు కానీ వ్యాయామం చెప్పని మనిషైతే వెనక్కి వచ్చేయమన్నాడు.

జూన్ 11, మంగళవారం

కైరోప్రాక్టర్ అన్న మాట నాకు నోరు తిరగలేదు. మరదలు ‘కీళ్ల డాక్టరమ్మ’ అని తేల్చేసింది.

చిన్నమనిషే. నలభై కూడా ఉండవు. మోకాలు చూడమంటే ముందు చీలమండ చూసింది, తర్వాత తుంటి, తర్వాత నడుము. “మోకాలు మధ్యలో ఉన్నదమ్మా. పైవాళ్లూ కిందవాళ్లూ పని ఎగ్గొడితే బరువంతా దాని మీదే పడుతుంది” అంది. మరదలు పక్క నుంచి, “అచ్చం నా బతుకే” అంది.

పక్కకి తిప్పి పడుకోబెట్టి నడుము దగ్గర చటుక్కున నొక్కింది. లోపల టక్కుమంది. నొప్పి మాత్రం లేదు. తర్వాత మోకాలి చిప్పని వేళ్లతో అటూ ఇటూ మెల్లగా జరుపుతూ చాలాసేపు కూర్చుంది.

“అరిగింది నేను తిరిగి తేలేను. ఎవరైనా తెస్తామంటే నమ్మకండి. పట్టేసినదాన్ని వదులు చేస్తాను. దాన్ని నిలబెట్టేది మీ కండే. మంగళవారం, శుక్రవారం సాయంత్రం వెనక హాల్లో అందరితో కలిసి వ్యాయామం చేయాలి. వస్తారా?”

వస్తానన్నాను.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె చేతులు మోకాలి మీద ఉన్నంతసేపూ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు. నేను రోజంతా మనుషుల్ని తాకుతూనే ఉంటాను. భుజం, నడుము, మణికట్టు. టేపు వేసి కొలతలు తీస్తూ ఊళ్లో సగంమంది ఒళ్లు నాకు తెలుసు. నన్ను మాత్రం ఎవరూ తాకరు. మా ఆయన పోయి పదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నా ఒంటిని ఇంత నిదానంగా పట్టుకున్న చెయ్యి ఇదే.

మొన్న లేపిన పిల్లది లెక్కలోకి రాదు.

జూన్ 18, మంగళవారం

హాల్లో చేరాను. అందరూ మోకాళ్లవాళ్లే. లేచేటప్పుడు మూలుగు, కూర్చునేటప్పుడు మూలుగు. చాపల మీద పడుకుని కాలు తిన్నగా పైకెత్తాలి, కాసేపు ఆపాలి, దించాలి. మోకాలి కింద తువ్వాలు మడిచి పెట్టుకుని నొక్కాలి. గోడకి వీపు ఆనించి కిందకి జారాలి. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. చేస్తే చుక్కలు కనిపిస్తాయి.

చివర్లో జంటల వ్యాయామం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి ముంజేతులు ఒకరు పట్టుకుని, నెమ్మదిగా కూర్చున్నంత వరకూ వంగి, నెమ్మదిగా లేవాలి. ఒకళ్లు తొందరపడితే ఇద్దరూ పడతారు.

నాకు జంటగా పడ్డది బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి. పేరు చెప్పారు కానీ నేను క్లచ్ గారనే అనుకుంటున్నాను. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు పోయిందట.

“మీకేది పోయింది?”

“కుడిది.”

“అయితే మంచిదే టైలరమ్మా. మీ ఎడమదీ నా కుడిదీ కలిపితే ఒక మనిషి హాయిగా ఊరు తిరిగొస్తాడు.”

నవ్వొచ్చి పట్టు జారబోయింది. ఆయన జారనివ్వలేదు. స్టీరింగు పట్టిన చేతులు.

జూన్ 19

తొడలు పట్టేశాయి. మెట్లు వెనక్కి తిరిగి దిగాను. మరదలు కడుపుబ్బ నవ్వింది.

జూన్ 21, శుక్రవారం

క్లాసు అయ్యాక క్లచ్ గారూ నేనూ బస్‌స్టాపు దాకా నడిచాం. నా ఇల్లు అటు కాదు. డాక్టరు నడవమన్నాడు కదా, అందుకని.

దారి పొడుగునా కబుర్లే. వానలో వైపర్ పని చేయక కిటికీలోంచి తల బయటపెట్టి ఊరు దాటించిన సంగతి, దిగాల్సిన చోట నిద్రపోయే ప్రయాణికుల్ని పేరుపెట్టి లేపడం. డిపోకి ఎదురుగా, ఆకుపచ్చ గ్రిల్లు ఉన్న మేడ మీద ఉంటారట. ఇంట్లో సంగతులు కూడా ఏవో చెప్పారు. వింటూ నడిచాను.

నొప్పి తెలియలేదు.

జూలై 2, మంగళవారం

వ్యాయామానికని ఒక పైజామా కుట్టుకున్నాను. నీలం గుడ్డ, పక్కల సన్నగా తెల్ల పైపింగు.

“చాప మీద దొర్లడానికి పైపింగెందుకు వదినా?” అంది మరదలు.

“ముక్క మిగిలిందే.”

“మిగిలిన ముక్కకి కొత్త తాను వాసన వస్తుందేం?”

ఈ మనిషి నోటికి అడ్డూ ఆపూ లేదు.

జూలై 5, శుక్రవారం

ఇంట్లో కూడా చేస్తున్నాను. పొద్దున్నే కత్తిరింపు బల్ల అంచు పట్టుకుని కూర్చుని లేవడం, బల్ల కింద పీట మీదకి ఎక్కి దిగడం. మొదట్లో మోకాలు పాత తలుపులా కిర్రుమనేది. ఇప్పుడూ అంటోంది కానీ నొప్పి అంతగా లేదు. కాస్త నొప్పి ఉన్నా చేయచ్చట. మర్నాటికి కూడా తగ్గకపోతే తగ్గించుకోవాలట.

ఇవాళ మేడ మెట్లు ఎక్కుతూ సగంలో గమనించాను. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి ఆగడం లేదు. మామూలు మనిషిలా ఎక్కుతున్నాను. పైకెళ్లి ఎవరికైనా చెబుదామనుకున్నాను. తమ్ముడు పేపరు చదువుతున్నాడు. క్లచ్ గారికి చెబుదామని ఊరుకున్నాను.

సాయంత్రం చెప్పాను. “శభాష్, గేరు మారింది” అన్నారు.

జంటల వ్యాయామంలో ఆయన లేచేటప్పుడు కళ్లు మూసుకుంటారు. ఇంతవరకూ ఎందుకు రాయలేదో. కళ్లు మూసుకుని, లోపలెక్కడో ఇంజను చప్పుడు వింటున్నట్టు ఉంటారు. అప్పుడు ఆయన మొహం చూడచ్చు.

మోకాలి కోసమే వెళ్తున్నాను.

జూలై 16, మంగళవారం

డాక్టరమ్మ మోకాలు వంచి, చాచి, తుంటి తిప్పి చూసి, “బాగా కుదురుకుందమ్మా. ఇక నా చేతులతో పని లేదు, రెండు నెలలకోసారి వచ్చి చూపించండి చాలు. వ్యాయామం మీకు వచ్చేసింది, ఇంట్లో చేసుకోండి” అంది.

ప్రాణం లేచి రావాల్సిన మాట. నాకేమో కింద నేల లాగేసినట్టయింది.

బల్ల దిగి, తలుపు దాకా కుంటుకుంటూ నడిచాను.

“అమ్మా” అని పిలిచింది. “నొప్పి కుడి మోకాల్లో కదా?”

చూసుకుంటే ఎడమ కాలు కుంటుతున్నాను.

“అటూ ఇటూ తిరుగుతోందమ్మా” అన్నాను.

“మోకాలి నొప్పి అద్దె ఇల్లు మారినట్టు మారదు.” నవ్వలేదు ఆమె. నవ్వుంటే సిగ్గుతో చచ్చేదాన్ని. “మీకు అందరితో కలిసి చేయాలనుంటే రండి. దానికి కుంటక్కర్లేదు.”

అందరితో కలిసి చేస్తే శ్రద్ధ కుదురుతుంది. అందుకే వెళ్తానన్నాను.

జూలై 26, శుక్రవారం

క్లచ్ గారు రాలేదు. నాకు జంట డాక్టరమ్మే.

జూలై 30, మంగళవారం

రాలేదు.

ఆగస్టు 2, శుక్రవారం

రాలేదు. ఎందుకు రావడం లేదని డాక్టరమ్మని అడగచ్చు. తోటి మనిషి రాకపోతే ఎవరైనా అడుగుతారు. నోటి దాకా వచ్చింది. అడిగితే నా గొంతు ఎలా ఉంటుందోనని భయమేసి, తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

గుండీల కాజాలు తప్పుగా కత్తిరించాను. ముప్పై ఏళ్ల చేతిపని.

ఆగస్టు 6, మంగళవారం

వ్యాయామానికి వెళ్లలేదు. నడకకి వెళ్లాను. సమంగా ఉండే దారి కావాలి కదా, డిపో వైపు దారి సమంగా ఉంటుంది. మధ్యలో రెండుచోట్ల అరుగు మీద కూర్చున్నాను. ఇంత దూరం నడిచి ఎన్నేళ్లయిందో.

ఆకుపచ్చ గ్రిల్లు మేడ కనిపించింది. లోపలికి వెళ్లాలని రాలేదు. ఎదుటి వైపు నీడలో నిలబడ్డాను.

పైన దండెం మీద బట్టలు. ఆయన చొక్కాలు రెండు. పక్కనే ఆడవాళ్ల పొడుగు గౌన్లు, ఇంట్లో వేసుకునేవి. కొలత తీయక్కర్లేదు, చూడగానే తెలిసిపోయింది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఈమధ్య ఇంకా లావైనట్టుంది, పక్క కుట్లు విప్పి వదులు చేశారు. ఒక గౌను కింద అంచు ఊడిపోతే మళ్లీ కుట్టారు. గాలికి తిరగబడినప్పుడు ఆ కుట్టు చూశాను. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, దారం రంగు కలవలేదు. సూది పట్టడం రాని చెయ్యి. పెద్ద చెయ్యి.

చాలాసేపు నిలబడ్డాను.

మొదటి రోజు నడకలోనే చెప్పారు. “మా ఆవిడకి రెండు మోకాళ్లూ పోయాయి టైలరమ్మా, మేడ దిగి ఏడాది పైనే అయింది. నా కాలు కాస్త గట్టిపడితే ఆవిణ్ణి పట్టుకుని దించచ్చని వస్తున్నా.” ఆ తర్వాత కూడా చెప్పారు. ఆవిడకి కూరలో ఉప్పు తక్కువుండాలని, ఆవిడ రేడియో గట్టిగా పెడుతుందని. అన్నీ విన్నాను. ఇక్కడ రాయలేదు.

ఆగస్టు 9, శుక్రవారం

ఒంట్లో బాగాలేదు. వెళ్లలేదు.

ఆగస్టు 13, మంగళవారం

వెళ్లలేదు. పొద్దుటి వ్యాయామం కూడా మానేశాను. ఎవరికోసం చేయాలి అనిపించింది. మోకాలు మళ్లీ బిగుస్తోంది. నిన్న మెట్టు మెట్టుకీ ఆగాను.

ఆగస్టు 15, గురువారం

మరదలు కొట్లోకి వచ్చి మిషను పక్కన నిలబడింది. ఏదో అంటుందని చూశాను.

“నీలం పైజామా ఉతికి ఆరేశాను వదినా. రేపు శుక్రవారం.”

అంతే అని మేడ మీదకి వెళ్లిపోయింది. ఎన్ని వేళాకోళాలాడినా భరించేదాన్ని. ఆ ఒక్క మాటకే మిషను ఆపి కూర్చున్నాను. దానికెంత తెలుసో, ఎప్పటి నుంచి తెలుసో!

ఆగస్టు 16, శుక్రవారం

వెళ్లాను.

హాలు గుమ్మంలో క్లచ్ గారు. ఆయన చెయ్యి పట్టుకుని ఆవిడ. నేననుకున్న కొలతే. తెల్లని మొహం, నుదుటి నిండా చెమట, ఒక్కో అడుగూ పడవలోంచి ఒడ్డు మీదకి వేస్తున్నట్టు వేస్తోంది.

“టైలరమ్మా! ఇదిగో, చివరికి దించాను” అన్నారు. మొహం వెలిగిపోతోంది. ఇన్నాళ్లూ రానిది అందుకేనట. రోజూ ఆవిణ్ణి పట్టుకుని మెట్లు దించడం, మర్నాడు ఇంకో మెట్టు, మళ్లీ పైకి. “మొదటి మెట్టు మీద ఇద్దరం అరగంట పోట్లాడుకున్నాం.”

“పోట్లాడింది నేను. ఆయన నవ్వుతూ నిలబడ్డారు. అదే నాకు ఇంకా ఒళ్లు మండింది” అంది ఆవిడ.

జంటల వ్యాయామం వచ్చేసరికి ఆయన ఆవిడ ముందుకెళ్లి నిలబడ్డారు. డాక్టరమ్మ పక్కకి జరిపింది. “మొగుడూ పెళ్లాలకి నేను జంట వేయను. వ్యాయామం పక్కన పెట్టి పాత లెక్కలు తేల్చుకుంటారు. అమ్మా, మీరు పాతవాళ్లు, ఆవిణ్ణి మీరు పట్టుకోండి.”

ఆవిడ ముందు నిలబడ్డాను. చేతులు చాచాను. ఇంట్లోంచి కదలని మనిషి చేతులు, మెత్తగా, చల్లగా ఉన్నాయి. వంగుతుంటే బరువంతా నా మీదకొచ్చింది. నా తొడలు వణికాయి. మోకాలు పట్టు విడవలేదు.

“వదలకండమ్మా, భయం” అంది.

“వదల్ను. కాళ్లకేసి చూడకండి, నాకేసి చూడండి. నెమ్మదిగా. తొందరేం లేదు.”

“మీ గురించి రోజూ చెప్తారు ఈయన. టైలరమ్మ పట్టు గట్టిది, ఆవిడ పట్టుకుంటే నీకు భయముండదని.”

నా గురించి రోజూ చెప్పారట. ఆవిణ్ణి పట్టుకోవడానికి పనికొస్తానని.

లేచేటప్పుడు ఆవిడ గోళ్లు నా చేతిలో దిగాయి. తల పక్కకి తిప్పితే ఆయన కనిపించారు. ఎవరో ముసలాయనతో జంట కట్టి, వంగుతూ లేస్తూ, కళ్లు మాత్రం ఆవిడ మీదే. మూసుకోలేదు. ఆవిడ మోకాళ్లు ఎంతవరకూ వంగితే అంతవరకూ ఆయన ఊపిరి ఆగుతోంది. పడిపోతే అంత దూరం నుంచి ఏం చేయగలరు? అయినా చూస్తున్నారు.

అలా ఒకరు నా వైపు చూడాలని ఉంది. అంతే. ఆయనే చూడాలని కాదు.

ఆయనే చూడాలని కూడా. ఇది నా డైరీ. ఇక్కడ కూడా దాపరికమెందుకు?

చెడ్డ మనిషైతే బాగుండేది ఆవిడ. వెళ్లేటప్పుడు గౌను అంచు నాకు చూపించి సిగ్గుపడింది. “ఈ కుట్టు ఆయన నిర్వాకమే. మీలాంటివాళ్ల ముందు నిలబడాలంటే మొహం చెల్లడం లేదు. విప్పి కుట్టిస్తారా?”

వంగి చూశాను. దగ్గర్నుంచి ఇంకా ఘోరంగా ఉంది.

“గట్టిగానే ఉందమ్మా. విప్పకండి” అన్నాను.

ఆగస్టు 20, మంగళవారం

ఆవిడే నాకు జంట. ఈసారి గోళ్లు దిగలేదు. బస్‌స్టాపు వైపు వాళ్లిద్దరూ వెళ్లారు. నేను మా ఇంటి వైపు వచ్చాను. ఇల్లు దగ్గరే. దారి చాలా పొడుగ్గా ఉంది.

ఆగస్టు 21

పొద్దుటి వ్యాయామం మళ్లీ మొదలుపెట్టాను. ఎవరికోసమని ఆలోచించలేదు. మిషను తొక్కాలి, మెట్లెక్కాలి, కాలు నాది.

ఆగస్టు 25, ఆదివారం

కొట్టుకి సెలవు. తమ్ముడు బయటికెళ్లాడు. మరదలు మేడ మీద కిటికీ పక్కన కూర్చుని తల దువ్వుకుంటోంది. నేను గుమ్మంలో చాలాసేపు నిలబడ్డానేమో.

“ఏంటి వదినా, ఏమైనా కావాలా?”

కావాలి. ఆ మాట అనడానికి ఎంత అవస్థ పడ్డానో రాస్తే నాకే నవ్వొస్తుంది. మోకాలు చూపించడానికి నెలలు పట్టింది. ఇది అంతకంటే కష్టమైంది.

“జుట్టు చిక్కు పడింది. కాస్త దువ్వుతావా?”

దువ్వెన దాని చేతిలోనే ఆగిపోయింది. పెళ్లై ఇది ఈ ఇంటికొచ్చి పాతికేళ్లు. తిట్టాను, పెట్టాను, దానికి జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. ఇది మాత్రం ఎప్పుడూ అడగలేదు.

“నేనా?” అంది.

“ఇంకెవరున్నారే ఇక్కడ?”

ముక్కాలిపీట జరిపింది. దాని ముందు కూర్చున్నాను, నెమ్మదిగా, ఏమీ పట్టుకోకుండా. వెనక నుంచి జడ విప్పింది. వేళ్లు మెడకి తగిలాయి. తల వంచమని గడ్డం పట్టుకుని పక్కకి తిప్పింది, చిన్నపిల్లకి తిప్పినట్టు.

“ఎంత నెరిసిందో చూశావా? మెడ మీద పుట్టుమచ్చ ఉందని నీకైనా తెలుసా? పాతికేళ్లుగా నాకే తెలీదు చూడు” అంటూ ఏదేదో మాట్లాడుతోంది. దువ్వెన నుదుటి నుంచి వెనక్కి, వెనక నుంచి వీపు కిందకి. కిటికీలోంచి ఎండ నా పాదాల మీద పడుతోంది.

“అయిపోయింది వదినా. జడ వేసేయనా?”

“ఇంకా ఎక్కడో చిక్కుంది. చూడు” అన్నాను.

చిక్కేం లేదని మరదలికి తెలుసు. మళ్లీ మొదటి నుంచీ దువ్వింది.